గౌతమీ తీరమున రెండు జెండాలు

గోదావరీ నది ధవళేశ్వరము దాటిన పిమ్మట పాయలుగా చీలి సముద్రము వైపునకు సాగిపోవును. ఆ పాయలలో తూర్పుగా ప్రవహించునది గౌతమి. గౌతమి సముద్రమును చేరుటకు కొంత దూరమునకు ముందు దాని ఉత్తరపు గట్టున ఒక చిన్న పట్టణము కలదు. అదియే యానాము. కాకినాడ నుండి దక్షిణముగా బయలుదేరిన వారు సుమారు 26 కిలోమీటర్లు పోయిన యెడల ఈ పట్టణమును చేరుదురు. దీని వైశాల్యము దాదాపు 30 చదరపు కిలోమీటర్లు. 2011 జనాభా లెక్కల ప్రకారము ఇచట నివసించువారు 55,626 మంది. వారు మాటలాడునది తెలుగు. చుట్టును వరిచేలు, కొబ్బరితోటలు, చేపల పడవలు కనబడును. చూచువారికి ఈ ఊరికిని పొరుగూళ్లకును భేద మేమియు తోచదు.

అయినను భేదము కలదు. ఉత్తరమున తాళ్లరేవు ప్రాంతము కాకినాడ జిల్లాలోనిది. నదికి ఆవల నున్న ఎదుర్లంక కోనసీమ జిల్లాలోనిది. ఈ రెండును ఆంధ్రప్రదేశ్ రాష్ట్రమునకు చెందినవి. నడుమ నున్న యానాము మాత్రము ఆ రాష్ట్రములో చేరినది కాదు. అది పుదుచ్చేరి అను కేంద్రపాలిత ప్రాంతములోని భాగము. దాని రాజధానియగు పుదుచ్చేరి నగరము ఇచటికి 800 కిలోమీటర్లకు పైగా దూరమున, తమిళ దేశమున ఉన్నది. తెలుగు నేల నడుమ నున్న తెలుగు ఊరు ఇట్లు దూరదేశపు పాలనలో ఎందులకు ఉండవలసి వచ్చెను? ఈ ప్రశ్నకు సమాధానము వెదకిన యెడల, ఒక ప్రభుత్వము పోయి మరియొకటి వచ్చు సమయమున ప్రజల మాటకు విలువ ఎట్లు కలుగునో, మార్పును కోరని కొలది మందికి రక్షణ ఎట్లు లభించునో తెలియగలదు.

పదునెనిమిదవ శతాబ్దమున గోదావరీ ముఖద్వారమునందలి రేవులు వస్త్రవ్యాపారమునకు పేరెన్నికగన్నవి. ఇచటి నేతగాండ్రు నేసిన బట్టలు ఐరోపా వరకును పోవుచుండెను. ఆ వర్తకమును కోరి డచ్చివారు, ఆంగ్లేయులు, ఫ్రెంచివారు ఈ తీరమున తమ తమ స్థావరములను ఏర్పరచుకొనిరి. ఆంగ్లేయుల వర్తకశాల ఇంజరమున ఉండగా, దానికి సమీపమున యానాములో ఫ్రెంచివారు నిలిచిరి. కోరంగి రేవు వీరందరి ఓడలకును ఆశ్రయమై యుండెను. వర్తకులుగా వచ్చినవారు క్రమముగా రాజ్యాధికారమునకై పోరాడుకొనసాగిరి. 1758వ సంవత్సరము డిసెంబరు నెలలో చందుర్తి వద్ద జరిగిన యుద్ధమున కర్నల్ ఫోర్డు నాయకత్వమున ఆంగ్లసైన్యము ఫ్రెంచివారిని ఓడించెను. అంతటితో ఉత్తర సర్కారులలో ఫ్రెంచివారి ప్రాబల్యము తగ్గిపోయెను.

తరువాత ఐరోపాలో ఆ రెండు దేశములకును యుద్ధము వచ్చినపు డెల్ల యానాము ఆంగ్లేయుల వశమగుచు, సంధి కుదిరినపు డెల్ల ఫ్రెంచివారికి తిరిగి వచ్చుచుండెను. ఊరివారి కెవ్వరును ఒక మాట చెప్పి యెరుగరు, అడిగి యెరుగరు. పారిస్‌లోనో లండన్‌లోనో కూర్చున్నవారు కాగితముపై వ్రాసిన గీత గౌతమి గట్టున సరిహద్దయ్యెను. తుదకు 1814వ సంవత్సరపు పారిస్ సంధి ననుసరించి పుదుచ్చేరి, కారైకాల్, మాహె, చంద్రనగరము, యానాము అను ఐదు స్థావరములు ఫ్రెంచివారికి దక్కినవి. అచట కోటలు కట్టరాదనియు, శాంతిభద్రతలకు కావలసినంత బలము మాత్రమే ఉంచుకొనవలెననియు ఆ సంధిలో నియమము కలదు. ఈ ఐదును ఒకదాని కొకటి చాల దూరమున ఉన్నవి. ఒకటి వంగదేశమునను, ఒకటి మలబారు తీరమునను, ఒకటి మన గోదావరి యొడ్డునను, తక్కిన రెండును తమిళ దేశమునను ఉండినవి.

ఇట్లు ఒకే నది నీరు త్రాగు ప్రజలు రెండు ప్రభుత్వముల క్రింద జీవింపసాగిరి. యానాములో మూడు రంగుల ఫ్రెంచి జెండా ఎగురుచుండెను. పాఠశాలలో ఫ్రెంచి భాష నేర్పుచుండిరి. కచేరీ వ్యవహారములు ఆ భాషలోనే నడచుచుండెను. 1880వ సంవత్సరమున ఫ్రెంచి ప్రభుత్వము స్థావరములలో పురపాలక సంఘములను నెలకొల్పి, మేయరు పదవిని ఏర్పాటు చేసెను. ఫ్రెంచి ఇండియా నుండి పారిస్ పార్లమెంటునకు ప్రతినిధిని పంపు హక్కు కూడ కలిగియుండెను. పొరుగు గ్రామములలోని రైతునకు వోటు అను మాట తెలియని కాలమున యానాములోని పురుషులకు వోటు లభించినది. ఇది గమనింపదగిన విషయము. అయినను ఫ్రెంచి ఇండియా ఎన్నికలలో అక్రమములు, దౌర్జన్యములు సామాన్యమై యుండెనని చరిత్రకారులు వ్రాసియున్నారు. వోటు ఉన్నంత మాత్రమున ప్రజాస్వామ్యము పూర్తి కాదు. భయము లేక వోటు వేయగలిగినపుడే అది పూర్ణమగును.

సరిహద్దు వలన కొన్ని వింతలును కలిగెను. బ్రిటిషు ఇండియాలో బాల్యవివాహములను నిరోధించు శారదా చట్టము 1930వ సంవత్సరము ఏప్రిల్ నుండి అమలులోనికి వచ్చెను. ఆ చట్టము యానాములో చెల్లదు. అందుచేత చిన్నబిడ్డలకు పెండ్లి చేయదలచిన కుటుంబములు బండ్లపైనను పడవలపైనను యానామునకు వచ్చి వివాహములు జరిపించుకొని పోవుచుండిరి. కనుకనే ఈ ఊరికి కల్యాణపుర మను పేరు వచ్చినది. పేరు మంగళకరమైనదే కాని దాని వెనుక నున్న ఆచారము మంగళకరమైనది కాదు. మంగళవారపు సంతకు చుట్టుపట్ల ఊళ్ల వారు విదేశీ వస్తువుల కొరకు వచ్చుట కూడ పరిపాటియై యుండెను. రెండు చట్టముల నడుమ నున్న సందున లాభమును, నష్టమును కూడ ప్రవేశించు నని ఈ ఉదాహరణములు చాటుచున్నవి.

1947వ సంవత్సరము ఆగస్టు 15వ తేదీన భారతదేశమునకు స్వాతంత్ర్యము వచ్చెను. నీలపల్లిలోను, తాళ్లరేవులోను భారత పతాక మెగిరినది. అడుగు దూరమున నున్న యానాములో మాత్రము పాత జెండాయే నిలిచెను. ఒకే కుటుంబములోని అన్నదమ్ములలో ఒకరు స్వతంత్ర భారత పౌరులును, మరియొకరు ఫ్రెంచి ప్రజలును అయిరి. ఈ స్థితి చిరకాలము సాగదని ఉభయ ప్రభుత్వములును గ్రహించినవి. 1948వ సంవత్సరము జూన్ నెలలో భారత, ఫ్రెంచి ప్రభుత్వములు ఒక ఒప్పందమునకు వచ్చినవి. స్థావరముల భవిష్యత్తును అచటి ప్రజలే నిర్ణయించుకొనవలె నని దాని సారాంశము. రాజులు, సేనానులు ఊళ్లను చేతులు మార్చుకొను కాలము గతించినదని ఆ మాట సూచించినది.

ఫ్రాన్సునకు ఈ విషయమున మరియొక నిర్బంధము కూడ కలదు. 1946వ సంవత్సరపు ఫ్రెంచి రాజ్యాంగములో 27వ అధికరణము ప్రకారము, ఆ భూభాగమునందలి ప్రజల సమ్మతి లేనిదే ఏ భూభాగమును పరదేశమునకు ఇచ్చుటకు వీలులేదు. అందువలన ప్రజాభిప్రాయ సేకరణము జరుగవలె నని ఫ్రెంచివారు పట్టుపట్టిరి. మొదట చంద్రనగరమున 1949వ సంవత్సరము జూన్ నెలలో వోటింగు జరిగెను. అత్యధిక సంఖ్యాకులు భారతదేశముతో చేరుటకే సమ్మతించిరి. 1950వ సంవత్సరమున ఆ పట్టణపు పాలన భారత ప్రభుత్వమునకు వచ్చెను. తరువాత అది పశ్చిమ వంగ రాష్ట్రములో కలిసిపోయెను.

తక్కిన నాలుగు స్థావరముల విషయము ఇంత సులభముగా తేలలేదు. వోటింగు జరుగు కాలమున అధికార మెవరి చేతిలో నుండవలెను? పోలీసులు ఎవరి మాట వినవలెను? వోటర్ల పట్టికలు ఎవరు తయారుచేయవలెను? ప్రస్తుత పాలకుల చేతిలోనే ఇవన్నియు ఉన్న యెడల ప్రజలు నిర్భయముగా వోటు వేయజాల రని భారతదేశము వాదించెను. పొరుగు దేశపు ఒత్తిడి వలన, సరిహద్దులో పెట్టిన కట్టుబాట్ల వలన ప్రజలు బెదరుదు రని ఫ్రెంచివారు వాదించిరి. ఇరుపక్షముల అనుమానములలోను కొంత సత్యము లేకపోలేదు. అట్టి సమయమున మూడవవారి సాక్ష్యము అవసరమగును. హేగ్ నగరమునందలి అంతర్జాతీయ న్యాయస్థానము ద్వారా ఎంపికైన తటస్థ పరిశీలకులు 1951వ సంవత్సరమున ఫ్రెంచి స్థావరములకు వచ్చి స్థితిగతులను విచారించిరి. అయినను అందరు వోటర్లును పాల్గొను ప్రజాభిప్రాయ సేకరణము ఈ నాలుగింటిలో జరుగనే లేదు.

తటస్థుల అవసరము ఎట్టిదో తెలియుటకు ఐరోపా నుండి ఒక ఉదాహరణము చాలును. ఫ్రాన్సు, జర్మనీ దేశముల నడుమ సార్ అను బొగ్గుగనుల ప్రాంతము కలదు. మొదటి ప్రపంచయుద్ధము తరువాత దానిని నానాజాతి సమితి పాలించెను. 1935వ సంవత్సరమున అచటి ప్రజలు తమ భవిష్యత్తును వోటు ద్వారా నిర్ణయించుకొనిరి. ఆ సమయమున శాంతిని కాపాడుటకు బ్రిటను, ఇటలీ, స్వీడను, నెదర్లాండ్సు దేశముల సైనికులు వచ్చి నిలిచిరి. వారిలో జర్మనులు గాని ఫ్రెంచివారు గాని లేరు. తగవులో భాగము లేనివాడే తగవు జరుగుచోట కాపలా ఉండవలె నను నీతి ఇందు గలదు. రెండవ ప్రపంచయుద్ధము తరువాత 1955వ సంవత్సరమున అదే ప్రాంతమున మరల వోటింగు జరిగెను. తమ కొరకు పెద్దదేశములు సిద్ధముచేసిన పథకమును ప్రజలు తిరస్కరించిరి. ఫ్రాన్సు ఆ తీర్పును అంగీకరించెను. 1957వ సంవత్సరము జనవరి 1వ తేదీన సార్ పశ్చిమ జర్మనీలో చేరెను.

ఇక యానాము కథకు రావలెను. 1954వ సంవత్సరము వచ్చునప్పటికి స్థావరములలో విలీనోద్యమము బలపడెను. ఆ సంవత్సరము మార్చి నెలలో పుదుచ్చేరి ప్రాంతమునందలి పురపాలక సంఘముల నాయకులు భారతదేశములో చేరవలె నని తీర్మానించిరి. యానాములో ప్రజలు రెండు పక్షములుగా చీలియుండిరి. మేయరు మద్దింశెట్టి సత్యానందము, కామిశెట్టి పరశురామ వరప్రసాదరావు నాయుడు మున్నగువారు విలీనమును కోరిరి. ఫ్రెంచి పాలనయే కొనసాగవలె నని కోరినవారును ఊరిలో పలువురు ఉండిరి. విలీనవాదులలో కొందరు పొరుగున నున్న భారత భూభాగమున తలదాచుకొనవలసి వచ్చెను. యానాములో జన్మించి, పుదుచ్చేరిలో పోలీసు ఉద్యోగము చేసి, ఆ కొలువును వదలి ఉద్యమములో చేరిన దడాల రఫేలు రమణయ్య వారికి నాయకత్వము వహించెను. 1954వ సంవత్సరము జూన్ 13వ తేదీన వారు యానాములో ప్రవేశించి ప్రభుత్వ కార్యాలయమును స్వాధీనము చేసికొని భారత పతాకమును ఎగురవేసిరి.

ఆ దినమున ఊరిలో ఉత్సాహముతో పాటు భయము కూడ వ్యాపించెను. విలీనమును కోరినవారు ఆనందించిరి. కోరనివారు తమ గతి ఏమగునో యని కలతచెందిరి. ఫ్రెంచి పాఠశాలలలో చదివినవారు, ఫ్రెంచి ప్రభుత్వపు కొలువులలో నున్నవారు, ఫ్రెంచి సైన్యములో పనిచేసి పింఛను పుచ్చుకొనువారు ఊరిలో కలరు. 1881వ సంవత్సరపు ఒక శాసనము ననుసరించి తమ కుల మత ధర్మశాస్త్రములను విడిచి ఫ్రెంచి పౌరస్మృతిని స్వీకరించిన కుటుంబములు ఫ్రెంచి ఇండియాలో కలవు. వీరిని పరిత్యాగు లనిరి. ఫ్రెంచి వారసత్వ చట్టము ప్రకారము వారి ఆస్తులు, వివాహములు నడచుచుండెను. కొత్త ప్రభుత్వము ఇవన్నియు చెల్లవని ఒక్క కలపుపోటుతో కొట్టివేసిన యెడల వారు ఏమి కావలెను? జెండా మారుట ఒక్క గడియలో జరుగును. మనుష్యుల జీవితములు అట్లు మారవు.

ఫ్రాన్సు కూడ ఆ సంవత్సరమున కఠినమైన పాఠమును నేర్చుకొనెను. ఇండోచైనాలో సాగిన దీర్ఘయుద్ధమున 1954వ సంవత్సరము మే నెలలో దియెన్ బియెన్ ఫూ కోట పతనమయ్యెను. జూలై నెలలో జెనీవా నగరమున సంధి జరిగెను. బలముతో పరదేశమును నిలుపుకొనుట అసాధ్యమని అప్పటి ప్రధానమంత్రి మెండెస్ ఫ్రాన్స్ గుర్తించెను. భారతదేశమున అట్టి రక్తపాతము జరుగక ముందే సంప్రదింపుల ద్వారా విషయము తేల్చుకొనవలె నని ఉభయులును నిశ్చయించిరి.

ఆ నిశ్చయము ప్రకారము 1954వ సంవత్సరము అక్టోబరు 18వ తేదీన పుదుచ్చేరికి సమీపమున నున్న కీళూరు అను గ్రామమున ప్రజాప్రతినిధుల సమావేశము జరిగెను. అందు పాల్గొన్న శాసన సభ్యులు, పురపాలక సభ్యులు కలిసి 178 మంది. వారిలో 170 మంది భారతదేశముతో చేరుటకు వోటు వేసిరి. 8 మంది వ్యతిరేకించిరి. ప్రజలందరును స్వయముగా వోటు వేయలేదు గనుక ఇది సంపూర్ణమైన ప్రజాభిప్రాయ సేకరణము కాదని కొందరు విమర్శించిరి. ప్రజలు ఎన్నుకొన్న వారే తీర్పు చెప్పిరి గనుక ఇది ప్రజల తీర్పే యని ఇతరులు చెప్పిరి. రెండు అభిప్రాయములును తెలిసికొనదగినవే. అక్టోబరు 21వ తేదీన ఢిల్లీలో ఒడంబడిక జరిగెను. నవంబరు 1వ తేదీన నాలుగు స్థావరముల పాలనయు భారత ప్రభుత్వమునకు సంక్రమించెను. యానాములో మూడు రంగుల ఫ్రెంచి పతాకము దిగినది. మూడు రంగుల భారత పతాకము నిలిచినది.

170 మందికి తాము కోరినది లభించినది. ఆ 8 మందికిని, వారి వెనుక నున్న ప్రజలకును ఏమి లభించినది? ఈ ప్రశ్నకు సమాధానము 1956వ సంవత్సరము మే 28వ తేదీన ఢిల్లీలో జరిగిన సంధిపత్రమున కలదు. భారతదేశము పక్షమున జవహర్లాల్ నెహ్రూ, ఫ్రాన్సు పక్షమున రాయబారి ఒస్ట్రోరోగ్ దానిపై సంతకములు చేసిరి. ఆ పత్రమునందలి కొన్ని నియమములు మిక్కిలి విలువగలవి.

మొదటిది: ఈ స్థావరములు తమకు పూర్వమున్న ప్రత్యేక పాలనా విధానమును నిలుపుకొనవచ్చును. ఇక ముందు ఆ విధానములో మార్పు చేయదలచినచో ప్రజల అభిప్రాయమును తెలిసికొనియే చేయవలెను. రెండవది: అచట పుట్టి అచటనే నివసించు ఫ్రెంచి ప్రజలు భారత పౌరులగుదురు. కాని ఫ్రెంచి పౌరులుగానే ఉండగోరువారు, సంధి అమలులోనికి వచ్చిన ఆరు నెలలలోగా వ్రాతమూలముగా తెలిపి అట్లే యుండవచ్చును. మూడవది: ఎన్నికైన ప్రజాప్రతినిధులు వేరుగా నిర్ణయించు నంతవరకు ఫ్రెంచి భాష అధికారభాషగా ఉండును. ఓడినవాని చేతిలో కూడ కొంత హక్కును ఉంచి గెలుపును స్వీకరించుట ఈ సంధియందలి గొప్పదనము.

సంధి వ్రాసిన వెంటనే అది పూర్తికాలేదు. ఫ్రెంచి పార్లమెంటు దానిని ఆమోదింపవలెను. అప్పుడు ఫ్రాన్సు అల్జీరియాలో ఘోరయుద్ధమున చిక్కుకొనియుండెను. ఒక స్థావరమును విడిచినచో మరియొకదానిని కూడ విడువవలసి వచ్చు నని అచటి నాయకులలో కొందరు భయపడిరి. అల్జీరియా యుద్ధము 1962వ సంవత్సరమున ముగిసినది. ఆ సంవత్సరమే ఫ్రెంచి పార్లమెంటు సంధిని ఆమోదించెను. ఆగస్టు 16వ తేదీన పత్రముల మార్పిడి జరిగెను. అనగా 1954 నుండి 1962 వరకు దాదాపు ఎనిమిది సంవత్సరములు యానాము ఆచరణలో భారతదేశపు పాలనలోను, ధర్మశాస్త్రము ప్రకారము ఫ్రాన్సునకు చెందినదిగాను ఉండెను. ఆ దీర్ఘకాలములో ఇరుదేశములును ఇచ్చిన మాటను నిలుపుకొన్నవి. 1962 తరువాతి ఆరు నెలలలో నాలుగు స్థావరములలోను కలిసి కొన్నివేల మంది ఫ్రెంచి పౌరసత్వమును ఎంచుకొనిరి. అట్టివారి సంతతివారు నేటికిని పుదుచ్చేరిలో కలరు. పారిస్ ఎన్నికలలో వారు అచటి నుండియే వోటు వేయుచున్నారు. వారిని ఎవ్వరును దేశద్రోహులని వెడలగొట్టలేదు.

సార్ వలెనే వోటు ద్వారా సరిహద్దు నిర్ణయించుకొన్న మరియొక ప్రాంతము డెన్మార్కు, జర్మనీ దేశముల నడుమ కలదు. 1920వ సంవత్సరమున అచట అంతర్జాతీయ సంఘపు పర్యవేక్షణమున వోటింగు జరుగగా, ఉత్తరభాగము డెన్మార్కులోను, దక్షిణభాగము జర్మనీలోను చేరెను. గీత ఎక్కడ గీచినను కొందరు డేనులు జర్మనీలోను, కొందరు జర్మనులు డెన్మార్కులోను మిగిలిపోయిరి. వారి భాష, పాఠశాలలు కాపాడబడునని 1955వ సంవత్సరమున ఆ రెండు ప్రభుత్వములును వేరువేరుగా ప్రకటనలు చేసినవి. ఎంత న్యాయముగా గీచిన గీత యైనను కొలదిమందిని తప్పువైపున మిగిల్చును. కనుక సరిహద్దును నిర్ణయించుటతో పని ముగియదు. మిగిలిన కొలదిమందికి భరోసా కల్పించినపుడే ముగియును.

ఆ భరోసా లేని చోట ఏమి జరుగునో తూర్పు తిమోరు చరిత్ర చెప్పుచున్నది. ఆ ద్వీప ప్రజలు 1999వ సంవత్సరము ఆగస్టు 30వ తేదీన ఐక్యరాజ్యసమితి పర్యవేక్షణమున వోటు వేసిరి. నూటికి 78 మందికి పైగా ఇండోనేషియా నుండి విడిపోవుటకు సమ్మతించిరి. వోటింగు సక్రమముగా జరిగినది. కాని ఫలితము వెలువడిన పిమ్మట ఓడిన పక్షపు సాయుధ దళములు ఊళ్లను తగులబెట్టి, ప్రజలను చంపి, వేలకొలది జనులను ఇండ్లనుండి తరిమివేసినవి. సెప్టెంబరులో ఆస్ట్రేలియా నాయకత్వమున అంతర్జాతీయ సైన్యము వచ్చి శాంతిని నెలకొల్పవలసి వచ్చెను. తరువాత ఐక్యరాజ్యసమితియే ఆ దేశమును కొంతకాలము పాలించి, 2002వ సంవత్సరము మే 20వ తేదీన స్వాతంత్ర్యమును అప్పగించెను. వోటుపెట్టెను తెచ్చుట ఒక దినపు పని. వోటు తరువాత ఇరుపక్షములవారును ఒకే వీధిలో నిర్భయముగా నడచునట్లు చేయుట పెక్కు సంవత్సరముల పని.

యానామునకు మరియొక విధమైన ప్రశ్న కూడ ఎదురయ్యెను. పుదుచ్చేరి కేంద్రపాలిత ప్రాంతమున అధికసంఖ్యాకులు తమిళులు. మాహెలో మలయాళము, యానాములో తెలుగు మాటలాడుదురు. కావున భారతదేశమున కోట్లమంది మాటలాడు తెలుగు, తమ ప్రభుత్వమున మాత్రము అల్పసంఖ్యాకుల భాష యయ్యెను. 1965వ సంవత్సరపు అధికారభాషా చట్టములో తమిళముతో పాటు, యానాములో తెలుగును, మాహెలో మలయాళమును ప్రభుత్వ వ్యవహారములకు వాడుకొనుటకు వీలు కల్పింపబడెను. గౌతమి గట్టున నున్న రైతు తన అర్జీని తన భాషలోనే వ్రాసికొనగలిగెను. ఒక చోట అధికసంఖ్యాకు డైనవాడు నాలుగడుగులు వేసి సరిహద్దు దాటిన యెడల అల్పసంఖ్యాకుడు కావచ్చును. ఈ సంగతి గ్రహించినవాడు అల్పసంఖ్యాకుల హక్కులను పరుల వ్యవహారముగా తలపడు.

1956వ సంవత్సరము నవంబరు 1వ తేదీన తెలుగువారి ప్రాంతములన్నియు కలిసి ఆంధ్రప్రదేశ్ ఏర్పడినపుడు యానాము అందు చేరలేదు. ఫ్రెంచివారికిచ్చిన మాటయే అందులకు కారణము. 1963వ సంవత్సరము జూలై 1వ తేదీన పుదుచ్చేరికి ప్రత్యేక శాసనసభ ఏర్పడగా, అందు యానామునకు ఒక స్థానము లభించెను. 1979వ సంవత్సరమున ఈ నాలుగు ప్రాంతములను పొరుగు రాష్ట్రములలో కలుపవలె నను ఆలోచన కేంద్రప్రభుత్వమునకు కలిగెను. దూరమును, భాషను చూచిన యెడల ఆ ఆలోచన సమంజసముగానే తోచును. కాని ప్రజలు తీవ్రముగా వ్యతిరేకించిరి. తమ ప్రత్యేకతను తమ సమ్మతి లేక మార్చరాదని పలికిరి. ప్రభుత్వము ఆ ప్రయత్నమును విరమించుకొనెను. ఇరువదిమూడు సంవత్సరముల క్రిందట సంధిలో వ్రాసిన వాక్యపు విలువ అప్పుడు లోకమునకు తెలిసినది.

నేడు యానాములో కాలు పెట్టినవారికి పాతకాలపు గుర్తులు పెక్కు కనబడును. 1846వ సంవత్సరమున నిర్మింపబడిన క్రైస్తవ దేవాలయము, ముస్లిముల మసీదు, మీసాల వేంకన్నగా పేరుపొందిన వేంకటేశ్వరుని ఆలయము ఒకే పట్టణమున ఉన్నవి. ఎదుర్లంక వంతెన మీదుగా కోనసీమ నుండి బస్సులు, లారీలు రాకపోకలు చేయుచున్నవి. ప్రయాణికుడు సరిహద్దు దాటిన సంగతి బోర్డులు చూచి తెలిసికొనవలసినదే. వంతెన క్రింద గౌతమి ఏ ప్రభుత్వమునకు లెక్కచెప్పక సముద్రమునకు పోవుచున్నది.

ఈ చిన్న ఊరి చరిత్రలో లోకమున కంతటికిని ఉపయోగపడు విషయములు మూడు కలవు. ప్రజల భవిష్యత్తును ప్రజలే నిర్ణయింపవలెను. ఆ నిర్ణయము నిర్భయముగా జరుగుటకు తటస్థుల సాయమును స్వీకరించుట అవమానము కాదు. నిర్ణయము జరిగిన పిమ్మట ఓడిన పక్షమువారి భాష, ఆస్తి, పౌరసత్వము, గౌరవము భద్రముగా ఉండునట్లు చూచుట గెలిచినవారి ధర్మము. కీళూరులో 170 మంది ఒకవైపును, 8 మంది మరియొకవైపును నిలిచిరి. 170 సంఖ్యను చూచి ఒక దేశపు బలమును లెక్కింపవచ్చును. ఆ 8 మందికి జరిగిన న్యాయమును చూచి ఆ దేశపు ప్రజాస్వామ్యమును లెక్కింపవలెను.

ప్రశ్నలు

1. యానాము తెలుగు నేలలో నుండియు ఆంధ్రప్రదేశ్‌లో చేరకపోవుటకు కారణము లెవ్వి?
2. ఫ్రెంచి స్థావరములలో ప్రజాభిప్రాయ సేకరణము జరుపు విషయమున భారత, ఫ్రెంచి ప్రభుత్వముల వాదము లేమి?
3. 1956వ సంవత్సరపు సంధిలోని ముఖ్యనియమములను వ్రాయుడు. అవి ఎవరికి మేలు చేసినవి?
4. తూర్పు తిమోరు అనుభవమును యానాము అనుభవముతో పోల్చి చూపుడు.
5. “ఒక చోట అధికసంఖ్యాకు డైనవాడు మరియొక చోట అల్పసంఖ్యాకుడు కావచ్చును.” ఈ మాటను మీ ఊరి నుండి గాని, మీ పాఠశాల నుండి గాని ఒక ఉదాహరణముతో వివరింపుడు.